కరెంటు పోయింది, నాలుగు పాటలూ పోయాయి: ఇంటి కంప్యూటర్‌లో ముందుగా ఏమి నేర్చుకోవాలి?

తెనాలి తెలుగు టీచర్

అందరికీ నమస్కారం.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కంప్యూటర్ పని ఏది వచ్చినా కుర్ర మాస్టర్లు చేసిపెట్టేవారు. నేను దాని జోలికి వెళ్ళలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి తాను వాడి పక్కన పెట్టిన డెస్క్‌టాప్ తెచ్చి, హాల్లో కిటికీ పక్కన బల్ల మీద బిగించి, మౌస్ పట్టుకోవడం చూపించి వెళ్ళాడు. పదేళ్ళ నాటి మెషిను. అందులో విండోస్ 10, వర్డ్ ఉన్నాయి.

నాకు కావలసిన పని ఒక్కటే. మా అమ్మ రాసుకున్న పాటల పుస్తకం నా దగ్గర ఉంది. గోధుమరంగు అట్ట వేసిన రూళ్ళ నోటుబుక్కు. మంగళహారతులు, అప్పగింతల పాటలు, సీమంతం పాటలు, లాలిపాటలు, పసుపు దంచేటప్పుడు పాడుకునేవి. అచ్చయిన పుస్తకాల్లో ఇలాంటివి దొరుకుతాయి గానీ అమ్మ పాడిన మాటలు వేరు, వాటి వరస వేరు. ఇప్పుడు కాగితం అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఇద్దరు చెల్లెళ్ళకూ మేనకోడళ్ళకూ తలా ఒక ప్రతి ఇవ్వాలని టైపు చేయడం మొదలుపెట్టాను.

మూడు వారాల్లో ముప్పై ఏడు పాటలు ఎక్కించాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి అబ్బాయి నేర్పాడు. అమ్మ అని రాయాలంటే ఏ, ఎం, ఎం, ఏ కొట్టాలి. ఇన్నేళ్ళు పిల్లల చేత ఓనమాలు దిద్దించిన దాన్ని, తెలుగు మాటను మనసులో ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకుని రాయడం నాకు నిజంగా బాధగా ఉంది. ణకు ఏది, నకు ఏది అని ప్రతిసారీ ఆగిపోతున్నాను. అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయని సైజు 28కి పెంచుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు కదలకుండా కూర్చుని నాలుగు పాటలు రాశాను. చివరిదైన అప్పగింతల పాట ఆఖరి చరణంలో ఉండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఫైలు తెరిస్తే ముప్పై మూడో పాట దగ్గర ఆగి ఉంది. తెరకు ఎడమ పక్కన సన్నని పట్టీ లాంటిది ఒకటి వచ్చింది. అందులో నా ఫైలు పేరే రెండుసార్లు కనిపించింది. చెడిపోయిందేమోనని భయపడి మూసేశాను. మూసేటప్పుడు ఇంగ్లీషులో ఏదో అడిగింది, పైన ఉన్నదానికే సరే అన్నాను.

రెండో సంగతి. నిన్న ఒక వార్తల పేజీ చదువుతుంటే తెరంతా ఒక్కసారిగా ఎర్రగా మారి, సైరను మోగింది. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపకండి, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. మూయడానికి ఎక్కడా గుర్తు కనబడలేదు. గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను. అప్పటినుంచి ఆన్ చేయలేదు. నా పాటలు అందులోనే ఉన్నాయి.

కంప్యూటర్ నేర్పే పుస్తకం ఒకటి తెప్పించి చూశాను. మొదటి నలభై పేజీలు కంప్యూటర్ పుట్టుక, దాని భాగాల పేర్లు. నాకు వాటితో పని లేదు. నా వయసు మనిషి, నా పని కోసం, ముందు ఏది నేర్చుకోవాలి, తర్వాత ఏది? వరస చెప్పండి, నేను శ్రద్ధగా నేర్చుకుంటాను.

హనుమకొండ డీటీపీ

టీచర్ గారూ, నమస్కారం. ఇరవై రెండేళ్ళుగా డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పుస్తకాలు టైపు చేసి అచ్చుకు సిద్ధం చేసే పనిలో ఉన్నాను. మీ నాలుగు పాటలు పోయి ఉండకపోవచ్చు. ముందు ఆ సంగతి చూద్దాం.

మీరు చూసిన ఎడమ పక్క పట్టీ చెడిపోయిన గుర్తు కాదు. మనం సేవ్ చేయకపోయినా వర్డ్ తనంతట తాను పది నిమిషాలకు ఒకసారి ఒక నకలు దాచుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ నకలును తెచ్చి మీ ముందు పెట్టింది. మీ ఫైలు పేరు రెండుసార్లు ఉండటానికి కారణం అదే: ఒకటి మీరు సేవ్ చేసినది, మరొకటి అది దాచినది. మూసేటప్పుడు అడిగే ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు ఉంటాయి. పైది 'వీటిని తర్వాత చూస్తాను', కిందది 'తీసేయండి'. మీరు పైదానికి సరే అన్నారు కాబట్టి నాకు ఆశ ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి వర్డ్ తెరవండి. ఆ పట్టీ మళ్ళీ వస్తే, అందులో సమయం తాజాగా ఉన్న దాని మీద నొక్కండి. పాటలు కనబడగానే ఇంకేమీ చేయకుండా ఎఫ్12 నొక్కి, కొత్త పేరుతో సేవ్ చేయండి. పట్టీ రాకపోతే ఇక్కడే రాయండి, వేరే దారి ఉంది.

ఇప్పుడు మీరు అడిగిన వరస. నా లెక్కలో మొదటి పాఠం ఒక్కటే, చేసిన పని మిగలడం. మౌస్ ఎలా పట్టుకున్నా, ఒక వేలితో కొట్టినా నష్టం లేదు. పని మిగలాలి.

కంట్రోల్ అని రాసి ఉన్న మీట ఎడమ చేతి కింద మూలలో ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని ఎస్ కొట్టండి. అంతే, సేవ్ అయినట్టే. గంటకోసారి కాదు, ప్రతి చరణం చివర. చరణం అయ్యాక పూర్ణవిరామం పెట్టినంత సహజంగా ఆ రెండు వేళ్ళూ కదలాలి. వారం రోజులు గుర్తు పెట్టుకుని చేస్తే తర్వాత గుర్తు పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఇంకొకటి, కంట్రోల్ పట్టుకుని జెడ్. పొరపాటున పేరా మొత్తం చెరిగిపోతే మళ్ళీ తెచ్చేది అదే. ఏదైనా వింత జరిగితే ముందు దాన్ని కొట్టండి, తర్వాత కంగారు పడవచ్చు. వర్డ్ తనంతట తాను దాచుకునే పది నిమిషాలను రెండు నిమిషాలకు కూడా తగ్గించవచ్చు. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో సేవ్ అనే చోట ఆ అంకె కనిపిస్తుంది.

మీరు 28 సైజు పెట్టారన్నారు. అలా పెడితే ప్రింటులో కూడా పెద్దగానే పడి, పుస్తకం రెండింతలవుతుంది. సైజు 14 చేసి, కంట్రోల్ పట్టుకుని మౌస్ మధ్య చక్రాన్ని ముందుకు తిప్పండి. తెర మీద మాత్రమే పెద్దవవుతాయి. కాగితం మీద మామూలుగానే పడతాయి.

నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక పెద్దాయన తాను రాసిన శతకం తెచ్చి ఇచ్చారు. నూట ఎనిమిది పద్యాలు. టైపు అంతా అయింది, ఆయన రెండు విడతలు దిద్దారు, దిద్దిన కాగితాలు నాకే వదిలి వెళ్ళారు. అదే ఒక్క హార్డ్ డిస్కులో ఉంది. ఒక ఉదయం ఆన్ చేస్తే టక్ టక్ మని చప్పుడు, అంతే. మూల ప్రతి ఉంది కాబట్టి పద్యాలు తిరిగి వచ్చాయి గానీ, ఆ వయసులో ఆయన మళ్ళీ రెండు నెలలు కూర్చుని దిద్దవలసి వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తు. అందుకే చెబుతున్నాను: మీది పదేళ్ళ హార్డ్ డిస్కు. మీ ఫైలు మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఇంటి బయట. ఇంటి బయట అంటే కష్టమైనదేమీ కాదు, ప్రతి శనివారం ఆ ఫైలును మీకు మీరే మెయిల్ చేసుకోండి. పాటల ఫైలు చాలా చిన్నది, 25 ఎంబీ వరకు జీమెయిల్‌లో వెళుతుంది. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది పక్కవారికి ఇచ్చే సంచి లాంటిది, బీరువా కాదు.

టైపింగ్ కన్నా ముందు చేయవలసినది మరొకటి ఉంది. అమ్మ గారి నోటుబుక్కు కూడా ప్రపంచంలో ఒకటే ప్రతి. రేపు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఫోనుతో ప్రతి పేజీ ఫోటో తీయించండి. తర్వాత టైపింగ్‌కు ఏడాది పట్టినా ఫరవాలేదు.

విశ్రాంత లైన్‌మన్, నంద్యాల

అమ్మా, డీటీపీ బాబు చెప్పింది బాగుంది. నేను కరెంటు సంగతి చెబుతాను, ముప్పై నాలుగేళ్ళు స్తంభాలు ఎక్కినవాణ్ణి.

యూపీఎస్, అంటే కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె, పెట్టించుకోండి. ఇంటి డెస్క్‌టాప్‌కు 600 వీఏ ది సరిపోతుంది. కొనగానే ఆరేడు గంటలు ఛార్జింగ్‌లో ఉంచి ఆ తర్వాత వాడండి. చాలామంది సీపీయూ వైరు ఒక్కటే దానికి పెట్టి, మానిటర్‌ను గోడకు పెడతారు. కరెంటు పోగానే లోపల కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రం నల్లబడుతుంది, సేవ్ చేయడానికి ఏమీ కనబడదు. రెండూ యూపీఎస్‌కే పెట్టాలి. లేజర్ ప్రింటర్ ఉంటే దాన్ని మాత్రం పెట్టవద్దు, ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. యూపీఎస్ కూత పెట్టిందంటే పాట పూర్తి చేసుకోమని కాదు. సేవ్ చేసి, పద్ధతి ప్రకారం షట్ డౌన్ చేసి లేవమని. బ్యాటరీ రెండు మూడేళ్ళకు అయిపోతుంది, అప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎప్పుడైనా సీపీయూ ఇనుప డబ్బాకు చేయి తగిలితే జివ్వుమందా? అలా అయితే మీ ప్లగ్గుకు ఎర్తింగ్ లేనట్టే. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ పై పెద్ద రంధ్రం వెనక తీగే ఉండదు. సాకెట్‌ను చూసి మోసపోతాం. పరీక్షించడానికని మళ్ళీ ముట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో చూడమనండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో రావాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య దాదాపు సున్నా ఉండాలి. మొదటిది సగం సగంగా చూపిస్తే ఎర్తు సరిగా లేదు. దీన్ని వాయిదా వేయవద్దమ్మా. కంప్యూటర్ కోసం కాదు, మీ కోసం.

కరెంటు పోగానే గోడ స్విచ్ కట్టేయండి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి వేయండి. వచ్చీ రావడంతోనే వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఉరుములప్పుడు స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గే తీసేయాలి, ఇంటర్నెట్ డబ్బా ప్లగ్గుతో సహా.

బెంగళూరు నుంచి ఒక కోడలు

అమ్మా, ఆ ఎర్ర తెర గురించి నేను రాస్తాను. రెండేళ్ళ కిందట మా అత్తయ్య గారికి ఇదే జరిగింది. ఆవిడ ఆ నంబరుకు ఫోను చేశారు. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడి, మన తెరను దూరం నుంచి చూసే యాప్ ఒకటి పెట్టించుకున్నాడు. బ్యాంకు పేజీ తెరవమన్నప్పుడు, అదృష్టవశాత్తు పాలవాడు తలుపు తట్టాడు, ఆవిడ లేచి వెళ్ళారు, ఆ మాటల్లో సంగతి విని పాలవాడే వైరు తీసేశాడు. మీరు ప్లగ్గు పీకడం మంచి పనే చేశారు. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు.

అది వైరస్ కాదు. మామూలు వెబ్ పేజీ, తెరంతా నిండేలా చేసి, సైరను శబ్దం పెట్టిన బొమ్మ. మీ ఫైళ్ళ దగ్గరికి అది రాలేదు. మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదు. తెర మీద ఫోను నంబరు కనబడిందంటే అదే మోసం అనడానికి గుర్తు. ఈ ఒక్క మాట ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి. అత్తయ్య గారి మానిటర్‌కు నేను అలాగే అంటించాను.

మళ్ళీ వస్తే ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 కొట్టండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు మీద నొక్కి కింద ఉన్న ఎండ్ టాస్క్ నొక్కండి. అదీ చేతకాకపోతే సీపీయూ మీది పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. తిరిగి బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలు మళ్ళీ తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

తెర కుడి మూలలో చిన్న చిన్న డబ్బాలు వచ్చి భయపెడుతున్నా అది కూడా వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైటు అనుమతి అడిగితే మనం అలౌ నొక్కి ఉంటాం. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ దగ్గర ఆ సైటు పేరు ఉంటుంది, తీసేయండి. ఇకమీదట ఏ సైటు అడిగినా బ్లాక్ నొక్కడమే మంచిది. వైరస్ కోసం డబ్బు పెట్టి ఏమీ కొననవసరం లేదు. విండోస్‌తో పాటు వచ్చే విండోస్ సెక్యూరిటీ ఇంటి అవసరానికి చాలు. ఒకవేళ ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. అత్తయ్య గారి వయసు వాళ్ళు అవమానంగా భావించి ఇంట్లో కూడా చెప్పరు, నాకు అదే ఎక్కువ బాధ. దయచేసి చెప్పండి.

మీ విండోస్ 10 గురించి కూడా మీ అబ్బాయి గారితో ఒకసారి మాట్లాడండి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. కంప్యూటర్ పనిచేయడం ఆగదు గానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. ఇళ్ళలో వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు పొందే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ పెట్టింది. పదేళ్ళ మెషిను విండోస్ 11కు మామూలు పద్ధతిలో ఎక్కదు. ఆ తర్వాత దాన్ని టైపింగ్‌కు ఉంచుకుని, బ్యాంకు పనులు మాత్రం అందులో చేయకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

అక్షరాల పెట్టె

టీచర్ గారూ, అమ్మ అని రాయడానికి ఏ, ఎం, ఎం, ఏ కొట్టవలసి వస్తోందన్న మీ బాధ చదివి ఊరుకోలేకపోయాను. మీకోసమే ఉన్నట్టుండే కీబోర్డు ఒకటి ఉంది. పేరు ఇన్‌స్క్రిప్ట్. 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో ఉన్నది ఇదే. విండోస్‌లో ముందే ఉంటుంది, కొనక్కరలేదు, దింపుకోనక్కరలేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అక్కడ తెలుగు, దాని ఆప్షన్స్‌లో కీబోర్డుల దగ్గర ఫొనెటిక్ అని లేని తెలుగును ఎంచుకోండి. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని స్పేస్ కొడితే ఇంగ్లీషు, తెలుగు మారుతూ ఉంటాయి.

దాని అమరిక చూడండి. స్వరాలు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి. హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కుడి చేతి వేళ్ళు ఆనే మధ్య వరసలో హెచ్ మీద ప, కె మీద క, ఎల్ మీద త, దాని పక్కన చ, ఆ పక్కన ట. అంటే క చ ట త ప, పరుషాలన్నీ ఒకే వరసలో. ఇప్పుడు సరిగ్గా వాటి పై మీటలు చూడండి: కకు పైన గ, చకు పైన జ, టకు పైన డ, తకు పైన ద, పకు పైన బ. సరళాలన్నీ పరుషాల నెత్తి మీదే ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుని కొడితే అదే మీటలో దాని ఒత్తక్షరం, ఖ, ఘ, ఛ, ఝ. సంధులు చెప్పిన మీకు ఈ పటం బట్టీ పట్టవలసిన పని ఉండదు.

అమ్మ అని రాద్దాం. షిఫ్ట్ పట్టుకుని డి, అ పడింది. సి, మ పడింది. ఉత్త డి కొట్టండి, మకు పొల్లు పడి మ్ అవుతుంది. మళ్ళీ సి. పొల్లు పోయి మకు మావత్తు వచ్చి అమ్మ అయింది. మనం పలక మీద నేర్పే క్రమమే, హల్లు, పొల్లు, హల్లు.

మొదటి రోజుల్లో విండోస్ మీట, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. తెలుగులో ఉన్నప్పుడు దాని మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. చూసుకుంటూ కొట్టవచ్చు. పది పాటలు అయ్యేసరికి బొమ్మ అవసరం ఉండదు.

హనుమకొండ డీటీపీ

పై మాటకు ఒక చేర్పు. రెండు పద్ధతుల్లో దేనితో టైపు చేసినా పడేది యూనికోడ్ తెలుగే, అంటే ఇప్పటి కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ చదవగలిగే తెలుగే, కాబట్టి మీరు ఇప్పటిదాకా చేసిన ముప్పై మూడు పాటలు అలాగే ఉంచుకోండి, మళ్ళీ చేయనక్కరలేదు. మధ్యలో ఎవరైనా అచ్చుపని ఫాంటులో టైపు చేయించుకుంటే అందంగా ఉంటుందని చెబితే ఒప్పుకోవద్దు. అవి వాడి బతికినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను. ఆ పాత ఫాంటు లేని చోట అదంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తుంది, మీ చెల్లెళ్ళ ఫోన్లలో తెరుచుకోదు. పుస్తకం పూర్తయ్యాక పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి, ఎవరి ఫోనులోనైనా మీరు చూసినట్టే కనబడుతుంది.

తెనాలి తెలుగు టీచర్

అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వారం రోజులు పట్టింది.

పట్టీ మళ్ళీ వచ్చింది. సమయం చూసి రెండోదాని మీద నొక్కాను. మూడు పాటలు పూర్తిగా ఉన్నాయి, అప్పగింతల పాటలో రెండు చరణాలు ఉన్నాయి. ఎఫ్12 కొట్టి సేవ్ అయిందాకా నా చేతులు వణికాయి. హనుమకొండ బాబూ, మీరు చల్లగా ఉండాలి. ఇప్పుడు చరణం చివర చేయి దానంతట అదే కంట్రోల్ మీదికి వెళుతోంది.

నంద్యాల అన్నయ్య గారూ, మీరు అడిగినట్టే ఆ డబ్బా నాకు రెండుసార్లు జివ్వుమంది. చలికాలం కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మీరు చెప్పినట్టు పై రంధ్రం వెనక తీగ లేదు. పెరట్లో కొత్తగా ఎర్తు గొయ్యి తీసి, తీగ లాగి, మీటరు పెట్టి 228 చూపించాడు. అదే సాకెట్‌కు మా మనవడు వస్తే ఛార్జరు పెట్టుకునేవాడు. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. యూపీఎస్ కూడా వచ్చింది, తెర, సీపీయూ రెండూ దానికే.

బెంగళూరు అమ్మాయీ, కాగితం అంటించాను. పెద్ద అక్షరాలతో, ఎర్ర సిరాతో. మా వీధిలో నా వయసు వాళ్ళు ముగ్గురి ఇళ్ళలో కంప్యూటర్లు ఉన్నాయి, వాళ్ళకూ రాసి ఇచ్చాను. అప్‌డేట్ల సంగతి మా అబ్బాయి చూస్తానన్నాడు.

పక్కింటి ఇంటర్ పిల్ల ఆదివారం ఉదయం వచ్చి నోటుబుక్కు మొత్తం ఫోటోలు తీసింది. నేను పేజీ పట్టుకున్నాను, తను తీసింది. నూట ఎనభై ఎనిమిది పేజీలు. సాయంత్రం వాటిని తెర మీద పెద్దవి చేసి చూస్తుంటే, అదే అప్పగింతల పాటలో, ఇన్నేళ్ళుగా నాకు కనబడనిది ఒకటి కనబడింది. అత్తవారిల్లు అన్న మాట మీద సన్నగా పెన్సిలు గీత ఉంది, పైన మెట్టినిల్లు అని దిద్ది ఉంది. అమ్మ చేతి రాతే. ఎప్పుడు దిద్దిందో తెలియదు. మా చిన్న చెల్లెలి పెళ్ళిలో మెట్టినిల్లు అనే పాడింది, నాకు బాగా జ్ఞాపకం. నా పెళ్ళిలో ఏమని పాడిందో గుర్తు లేదు. టైపులో రెండూ ఉంచాను, దిద్దిన మాట పాటలోనూ, పాత మాట కింద చిన్న అక్షరాల్లోనూ.

ఇక ఇన్‌స్క్రిప్ట్. క చ ట త ప ఒక వరసలో, గ జ డ ద బ పై వరసలో ఉన్నాయని చదివి, ఆన్ చేసి చూసి, కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరు అమర్చారో గానీ వర్ణమాల తెలిసినవాళ్ళు అమర్చారు. ఇప్పుడు రోజుకు ఒక పాట అవుతోంది. పాతదానికన్నా నెమ్మదే, కానీ రాస్తున్నది తెలుగే అనిపిస్తోంది. పెన్‌డ్రైవ్ నోటుబుక్కుతో పాటు బీరువాలో పెట్టాను. శనివారం మెయిల్ పంపుకున్నాను, పెద్ద చెల్లెలికి కూడా ఒకటి.

ఒక్క అక్షరం దొరకలేదు. పసుపు పాటలో అమ్మ చెఱువు అని రాసింది, బండి ఱతో. నేను మామూలు ర పెట్టి వదిలేశాను గానీ మనసు ఒప్పడం లేదు. అది ఈ కీబోర్డులో ఉందా?

అక్షరాల పెట్టె

ఉందమ్మా. ర ఉన్న జె మీదే, షిఫ్ట్ పట్టుకుని కొట్టండి. అలాగే ల ఉన్న ఎన్ మీద షిఫ్ట్ పట్టుకుంటే ళ.

తెనాలి తెలుగు టీచర్

వచ్చింది. చెఱువు. సేవ్ చేశాను.